పాత బట్టల చలామణీ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

ఒకరు కట్టి విడిచిన బట్ట ఇంకొకరి ఒంటిమీదికి చేరే దారులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో చాలానే ఉన్నాయి. కొన్ని బట్టలు ఇంట్లోనే పెద్దల నుంచి పిల్లలకు దిగుతాయి. కొన్ని వాకిట్లోకి వచ్చిన బోళ్ల వ్యాపారికి మారకంగా పోతాయి. ఇంకొన్ని అంగడిలో, రోడ్డు పక్కన పరిచిన పట్టాల మీద, ఈమధ్య ఫోన్లలో చేతులు మారుతున్నాయి. పాశ్చాత్య దేశాల్లో వీధికొకటి కనిపించే ధర్మార్థ దుకాణం, అంటే జనం దానంగా ఇచ్చిన బట్టలను చవకగా అమ్మి ఆ సొమ్మును సేవకు వాడే అంగడి, తెలుగు పట్టణాల్లో వేళ్ళూనుకోలేదు. ఆ దుకాణం చేయాల్సిన పనిని ఇక్కడ ఇల్లు, వీధి వ్యాపారి, అంగడి, స్వచ్ఛంద సంస్థ తలా కొంత పంచుకున్నాయి.

ప్రాంతం, కొనుగోలు కాలాలు

సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలోనే, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉంది. అంతకుముందు ఈ మూడూ ఉమ్మడి నల్లగొండ జిల్లావే. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్ళే రైలు మార్గంలో ఉంది. అందువల్ల సరుకు ఇటు హైదరాబాద్ నుంచీ అటు విజయవాడ, గుంటూరుల నుంచీ సులువుగా చేరుతుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి సాగు పెరిగింది. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా ఎదిగింది. బట్టల కొనుగోళ్ళు కూడా ఈ పంటల లెక్కనే నడుస్తాయి. వానాకాలం వడ్లు అమ్ముడై చేతిలో డబ్బు పడ్డప్పుడు, యాసంగి తర్వాత పెళ్ళిళ్ళ సీజన్‌లో కొత్త బట్టలు కొంటారు. తెలంగాణలో దసరాకు కొత్త బట్టలు తప్పనిసరి. కొత్తవి బీరువాలోకి వచ్చినప్పుడే పాతవి బయటికి వస్తాయి కనుక పాత బట్టలు దండిగా దొరికే కాలం పండుగల ముందూ వెనకా. ఇల్లు దులిపే రోజుల్లో బోళ్ల వ్యాపారుల తిరుగుడు ఎక్కువవుతుంది.

ఇంటి లోపలి చలామణీ

పాత బట్ట మొదటి మజిలీ ఇల్లే. పుట్టిన బిడ్డను చుట్టే పొత్తిగుడ్డలకు కొత్త బట్ట పనికిరాదు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చీరనే చింపి వాడతారు. గంజి, రంగు, కొత్త బట్టలోని గరుకు పసిచర్మానికి పడవన్న అనుభవం దీని వెనక ఉంది. అమ్మ చీరే దూలానికి కట్టిన ఉయ్యాల అవుతుంది. చిరిగిన చీరలను పొరలుగా పేర్చి, అంచు నుంచి అంచుకు దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత అవుతుంది. అది చలికాలంలో కప్పుకోవడానికీ మిగతా రోజుల్లో పరుచుకోవడానికీ పనికొస్తుంది. మరీ చివికిన ముక్క వంటింట్లో మసిగుడ్డగా స్థిరపడుతుంది.

బడి బట్టల విషయంలో తల్లిదండ్రుల ముందుచూపు కుట్టులోనే కనిపిస్తుంది. జూన్‌లో యూనిఫాం కుట్టించేటప్పుడు ప్యాంటు, లంగా అంచుల్లో రెండు మూడు అంగుళాల మడత లోపలికి పెట్టమని దర్జీకి చెబుతారు. పిల్లవాడు ఎదిగినకొద్దీ ఆ మడత విప్పుతారు. విప్పిన చోట రంగు తేడాగా ఒక గీత మిగులుతుంది. తర్వాత ఆ జత తమ్ముడికో చెల్లికో పక్కింటి పిల్లలకో పోతుంది. పెద్దవాళ్ళ పట్టుచీరలు పరికిణీలుగా, ఇప్పుడైతే లాంగ్ ఫ్రాకులుగా మారుతున్నాయి. చీర నడిమి భాగం నలిగినా అంచు, కొంగు బాగుంటే చాలు, దర్జీ వాటిని పైకి తెచ్చి కుట్టేస్తాడు. పాత బట్టను కొత్తగా వాడుకునే విద్యలో ఇక్కడి దర్జీలకున్న నైపుణ్యం చిన్నది కాదు.

వాకిట్లో బోళ్ల మారకం

పాత బట్టలకు స్టీలు బోళ్లు, ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చే వ్యాపారం దేశమంతటా ఉంది. గంపలతో, సైకిళ్ళ మీద తిరిగినవాళ్ళు ఇప్పుడు ఆటోకు మైకు కట్టి వస్తున్నారు. డబ్బు చేతులు మారదు. బేరమంతా బట్టకూ బోలుకూ మధ్యే నడుస్తుంది.

వ్యాపారి ముందుగా బట్టల్ని వేరు చేస్తాడు. మగవాళ్ళ ప్యాంట్లు, జీన్స్, చొక్కాలకు విలువ ఎక్కువ. అవి ఎవరికైనా కుదురుతాయి, పనిలోకి వేసుకోవచ్చు. చీరల్లో చిరుగు లేనివాటినే లెక్కలోకి తీసుకుంటాడు. కొలతకు కుట్టించిన రవికలు ఇంకొకరికి సరిపోవు కనుక పక్కన పెడతాడు. ఆ తర్వాత మాటలు మొదలవుతాయి.

"అక్కా, ఈ రెండు చీరలకు గిన్నె రాదు. ఇంకో ప్యాంటు వెయ్యి."

"ప్యాంటు వేస్త గానీ మూత కూడా ఇయ్యాలె."

మూత కలిసిందంటే బేరం కుదిరినట్టే. ఇందులో ఇంటావిడకు దక్కే లాభం గిన్నె ఒక్కటే కాదు. భర్తనో అత్తనో డబ్బు అడగకుండా తన చేతిలోని వస్తువుతో ఇంటికి సామాను తెచ్చుకునే స్వేచ్ఛ ఆమెకు ఈ మారకంలో దొరుకుతుంది.

సేకరించిన బట్టలను తర్వాత ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి అమ్ముతారు. ఈ వ్యాపారపు గొలుసును మానవశాస్త్రవేత్త లూసీ నోరిస్ 2010లో వెలువడిన తన పుస్తకంలో సవివరంగా నమోదు చేశారు. గుజరాత్ మూలాలున్న వాఘ్రీ సముదాయం ఢిల్లీలో ఇంటింటా బోళ్ళిచ్చి బట్టలు సేకరించడం, రఘుబీర్‌నగర్ మండీలో తెల్లవారుజామునే వాటిని అమ్మడం, అక్కడి నుంచి అవి బాగుచేసేవాళ్ళకూ వారపు సంతలకూ చేరడం గురించి ఆమె రాశారు. పాత బట్ట కొత్త చేతికి చేరేలోపు ఏరేవాళ్ళు, ఉతికేవాళ్ళు, కుట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇలా ఎందరికో కూలి పుడుతుంది.

పట్టుచీరలు, జరీ

వీధుల్లో వినిపించే మరో కేక పాత పట్టుచీరలు కొంటామన్నది. ఈ కొనుగోలు ప్రధానంగా జరీ కోసం. అసలు జరీలో పట్టు దారం మీద సన్నటి వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. చీర శిథిలమైనా అందులో వెండి ఉంటుంది. కరిగించి దాన్ని తీసుకుంటారు. నకిలీ జరీలో రాగి తీగో, మెరుపు పూసిన ప్లాస్టిక్ పొరో ఉంటుంది. అలాంటి చీరకు ఆ లెక్కన విలువ కట్టరు.

అమ్మేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. చీరను మొత్తంగా చూసి ఒక ధర చెప్పేవాళ్ళకు వెంటనే ఇచ్చేయకుండా, జరీని పరీక్షించి తూకం లెక్కన కొనే దుకాణంలో అడిగి చూసుకోవడం మేలు. చీర ఇంకా కట్టుకునేలా ఉంటే కరిగించే ధర కన్నా చీరగా అమ్మితే వచ్చే ధరే ఎక్కువ కావచ్చు. పాత చేనేత చీరలను వెతికి కొనేవాళ్ళు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గుంపుల్లో ఉన్నారు. ఇటీవల నేయని పాతకాలపు అంచులు, రంగుల కలయికలు అలాంటి చీరల్లో దొరుకుతాయి.

అంగడి, రోడ్డు పక్క, హైదరాబాద్ బజార్లు

రోడ్డు పక్కన చవకగా కనిపించే ప్రతి బట్టా వాడినది కాదు. మూడు రకాలను వేరుచేసి చూడాలి. మొదటిది నిజంగా వాడిన బట్ట. రెండోది తిరుప్పూరు వంటి చోట్ల ఎగుమతి కోసం కుట్టి, చిన్న లోపం వల్లో ఆర్డరు మిగలడం వల్లో వెనక్కి వచ్చిన సరుకు. దీన్ని వ్యాపారులు ఎక్స్‌పోర్ట్ సరుకంటారు. మూడోది దుకాణంలో అమ్ముడుపోక ఏళ్ళు గడిచిన పాత స్టాకు, కట్‌పీసులు. చివరి రెండూ కొత్తవే. మొదటి రకం ఉతికి ఉన్నందున మెత్తగా, గుండీల చుట్టూ కొద్దిగా వెలిసి ఉంటుంది. రెండో రకంలో మెడ దగ్గర లేబుల్ సగం కత్తిరించి ఉండవచ్చు. మూడో రకంలో మడత గీతల దగ్గర ఎండకో దుమ్ముకో రంగు తేలుతుంది.

ఎక్కువ రకాలు చూడాలనుకునేవారికి హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత పాత సామాన్లకు పేరున్న చోట్లు. జుమ్మెరాత్ బజార్ పేరుకు తగ్గట్టే గురువారం నిండుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. ఒక్క చొక్కా కోసం అంత దూరం వెళ్తే బస్సు చార్జీలే బట్ట ధరను మించుతాయి. వేరే పని మీద వెళ్ళినప్పుడు కలుపుకుంటేనే గిట్టుబాటు.

ఆషాఢం సేల్ ఈ వ్యాపారానికి గట్టి పోటీ. పెళ్ళిళ్ళు లేని ఆ నెలలో దుకాణాలు కొత్త బట్టల ధరలు బాగా తగ్గిస్తాయి. సింథటిక్ చీరల ధర అడుగంటినప్పుడు వాడిన చీర చవక అనిపించదు. అందుకే పాత బట్టల్లో నిజమైన లాభం ఖరీదైన, గట్టి రకాల్లోనే ఉంటుంది. పట్టు, మంచి నూలు, జీన్స్, ఉన్ని కోట్లు, పెళ్ళి దుస్తులు ఆ కోవలోవి. ఒక్కసారి వేసి దాచే లెహంగా, శేర్వానీలకు అద్దె దుకాణాలు మరో మార్గం.

దిగుమతి నిబంధనలు

వాడిన బట్టలను విదేశాల నుంచి భారత్‌కు తెచ్చి స్వేచ్ఛగా అమ్మడం కుదరదు. వాటి దిగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. మళ్ళీ తొడుక్కోవడానికి వీలులేకుండా పూర్తిగా కోసేసిన గుడ్డలకు మాత్రం వేరే నిబంధనలున్నాయి. 1965లో ఏర్పడిన కాండ్లా ఎగుమతి మండలంలోని యూనిట్లు విదేశీ పాత బట్టలను ఏరి, మళ్ళీ ఎగుమతి చేస్తాయి. దేశంలోని చేనేత, మిల్లు, రెడీమేడ్ రంగాలకు దెబ్బ తగలకూడదన్నది ఈ ఆంక్షల ఉద్దేశం. ఆఫ్రికా మార్కెట్లలో కనిపించే విదేశీ బట్టల మూటల వెల్లువ తెలుగు పట్టణాల్లో కనిపించకపోవడానికి ఇది ముఖ్య కారణం. ఇక్కడి పాత బట్టలు చాలావరకు ఇక్కడి ఇళ్ళవే.

దానం, సేకరణ

1999లో అన్షు గుప్తా స్థాపించిన గూంజ్ దేశంలో పాత బట్టల సేకరణను ఒక వ్యవస్థగా మలచిన సంస్థ. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. గూంజ్ పద్ధతిలో ఊరివాళ్ళు తమకు కావలసిన చెరువు పూడికతీతో, దారి బాగుచేతో కలిసి చేస్తారు. ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టల కిట్టు అందుకుంటారు. తీసుకునేవారు చేయి చాపాల్సిన అవసరం లేకుండా చేయడమే దీని ప్రాణం. నూలు గుడ్డలతో నెలసరి ప్యాడ్‌లు తయారుచేయడం ఈ సంస్థ చేపట్టిన మరో విలువైన పని.

2015లో ఇరాన్‌లోని మష్హద్ నగరంలో మొదలైన దయా గోడ ఆలోచన భారతీయ నగరాలకూ వచ్చింది. అక్కర్లేనివాళ్ళు గోడకున్న కొక్కేలకు బట్టలు తగిలించి పోతారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. ఇది నిలవాలంటే రోజూ చూసుకునే మనిషి ఉండాలి. లేకపోతే చిరిగినవి, ఉతకనివి పోగుపడతాయి.

పురపాలక సంఘాల పాత్ర కూడా పెరిగింది. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమంలో భాగంగా దేశవ్యాప్తంగా పట్టణాల్లో పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే కేంద్రాలు తెరవాలని నిర్ణయించారు. ఈ దారిలో సూర్యాపేటకు సొంత వారసత్వమే ఉంది. 2000ల తొలి ఏళ్ళలో కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఈ పట్టణం వీధుల్లోని చెత్తకుండీలు ఎత్తేసింది. ఇంటింటా తడి చెత్త, పొడి చెత్త వేరుగా సేకరించి, తడి చెత్తను ఎరువుగా మార్చింది. దేశంలోని ఇతర పట్టణాలకు దాన్ని ఆదర్శంగా చూపించారు. ఇంటి గుమ్మం దగ్గరే వేరుచేసి ఇచ్చే ఆ అలవాటు బట్టల సేకరణకూ అచ్చంగా పనికొస్తుంది.

మర్యాద ప్రశ్న

పాత బట్ట ఇవ్వడానికి ఎవరూ సిగ్గుపడరు. కొనడానికి, వేసుకోవడానికి మాత్రం చాలామంది సిగ్గుపడతారు. చనిపోయినవాళ్ళవేమో అన్న శంక ఒక కారణం. ఇంకా లోతైన కారణం కులం. వాడిన బట్టలను సేవ చేసే శూద్రుడికి ఇవ్వాలని మనుస్మృతి పదో అధ్యాయం విధించింది. తరతరాలుగా విడిచిన బట్ట పై మెట్టు నుంచి కింది మెట్టుకే దిగింది, దాన్ని తొడుక్కున్నవాడి స్థానాన్ని లోకానికి చాటింది. 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని దహనం చేసిన ఆ సభల సందర్భంలోనే అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, తమను వేరుగా చూపే కట్టు వదిలి అందరిలా చీర కట్టుకోమని చెప్పారు. బట్టకూ ఆత్మగౌరవానికీ ఉన్న ముడి అంత బలమైనది. పండుగకు పనిమనిషికి పాత చీర పెట్టేవాళ్ళు దీన్ని మనసులో ఉంచుకోవాలి.

ధర్మార్థ దుకాణం గొప్పతనం ఇక్కడే ఉంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ మొదలుపెట్టిన గుడ్‌విల్ పాత వస్తువులను సేకరించి, పేదలకు వాటిని బాగుచేసే ఉపాధి కల్పించి, తక్కువ ధరకు అమ్మింది. ఆక్స్‌ఫర్డ్ నగరంలో 1940ల చివర తెరిచిన ఆక్స్‌ఫామ్ దుకాణం కూడా ఈ కోవలోదే. అక్కడికి వచ్చిన మనిషి యాచకుడు కాడు, కొనుగోలుదారు. పది జతలు తిరగేసి నచ్చినదే తీసుకుంటాడు, నచ్చకపోతే వెళ్ళిపోతాడు. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు మొదటి చలికాలపు కోటు ఇలాంటి దుకాణంలో కొనుక్కోవడం మామూలే, అక్కడ దాన్నెవరూ నామోషీ అనుకోరు. ధర ఎంత తక్కువైనా, అది ఎంచుకునే హక్కును ఇస్తుంది. ఉచితంగా వచ్చే మూటలో ఆ హక్కు లేదు.

ఎంచుకునే పద్ధతి

చీరను పూర్తిగా విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. పట్టు మొదట చివికేది మడతల దగ్గరే. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచిన చీర అక్కడే చీలుతుంది. మడత మీద రెండు వేళ్ళతో మెల్లగా లాగితే దారం పట్టు తెలుస్తుంది. ఫాల్ కుట్టిన అంచు, కొంగు, నడుము దగ్గర దోపిన భాగం తర్వాత చూడాలి.

చొక్కాలో కాలరు లోపలి అంచు, చంకలు, కఫ్‌లు చూస్తే వయసు తెలుస్తుంది. ప్యాంటులో కూర్చునే భాగం, తొడల లోపలి వైపు పలచబడ్డాయేమో చూడాలి. జిప్పు మూడు నాలుగుసార్లు తీసి వేయాలి. కుట్టు లోపల మిగులు గుడ్డ ఎంతుందో చూస్తే వదులు చేయించే వీలుందో లేదో తెలుస్తుంది. బిగుతు చేయించడం తేలిక, వదులు చేయడానికి గుడ్డ ఉండాలి. దర్జీ కూలి కలిపాకే అది చవకో కాదో తేల్చుకోవాలి.

బట్ట రకం తెలియనప్పుడు అమ్మకందారు అనుమతితో అంచులోంచి ఒక దారం తీసి కాల్చి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసన ఇస్తుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

శుభ్రత

తెచ్చిన బట్టను ఉతక్కుండా తొడుక్కోకూడదు, మిగతా బట్టల్లో కలపకూడదు. గజ్జి కలిగించే పురుగు మనిషి ఒంటిని వదిలాక సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. అందువల్ల ఉతకడానికి వీలులేని బట్టను సంచిలో బిగించి కొన్ని రోజులు, జాగ్రత్త కోసం వారం దాకా, పక్కన ఉంచవచ్చు. నూలు బట్టలను 50 డిగ్రీలు దాటిన వేడినీటిలో నానబెట్టి ఉతికి, మండే ఎండలో తిరగేసి ఆరేయాలి. పట్టును వేడినీటిలో ముంచకూడదు, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి. వాడిన లోదుస్తులు కొనకపోవడమే మంచిది.

చివరి మజిలీ

తొడుక్కోవడానికి పనికిరాని బట్టకూ పని ఉంది. తెలంగాణలో పంటచేల చుట్టూ కర్రలకు రంగురంగుల పాత చీరలు కట్టి ఉండడం కనిపిస్తుంది. అడవిపందులను బెదరగొట్టడానికి రైతులు వేసుకున్న కంచె అది. కోదాడ, సూర్యాపేటల్లో హైవే వెంట లారీల షెడ్లలో గ్రీజు తుడవడానికి నూలు గుడ్డలు కావాలి. ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్ చేరితే, అక్కడ వాటిని పీచుగా చీల్చి మళ్ళీ వడికి కంబళ్ళు నేస్తారు.

బట్టను ఎక్కువకాలం వాడటం వల్ల కలిగే మేలు ఈ ప్రాంత రైతుకు బాగా తెలుసు. రాష్ట్రంలో పత్తి ఎక్కువగా పండే జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఒక్క నూలు టీషర్టు తయారీకి సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. బోర్లు ఎండినప్పుడు ఆ నీటి విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ముందున్న అవకాశం

ఈ మూడు పట్టణాల్లో ధర్మార్థ దుకాణానికి కావలసిన దినుసులన్నీ విడివిడిగా సిద్ధంగా ఉన్నాయి. ఇంటింటి సేకరణకు పురపాలక సిబ్బంది ఉన్నారు. లెక్కలు రాయడం, అప్పు తీర్చడం నేర్చిన మహిళా సంఘాలు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పనిచేస్తున్నాయి. చిరుగు కనబడకుండా కుట్టే దర్జీలున్నారు. మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో, భవన నిర్మాణంలో పనిచేసే వేలమంది కూలీలకు గట్టి బట్టల అవసరం ఉంది. బస్టాండు దగ్గర ఒక గది, ఉతికి ఇస్త్రీ చేసిన జతలు, ప్రతిదానికీ రాసిపెట్టిన ధర, తొడిగి చూసుకోవడానికి ఒక అద్దం ఉంటే పని మొదలుపెట్టవచ్చు. వచ్చిన ఆదాయంతో సంఘం సభ్యులకు కూలి, దర్జీకి పని దొరుకుతాయి. ఇచ్చేవాళ్ళు చిరిగినవీ మాసినవీ కాకుండా తాము ఇంకా తొడుక్కోగలిగిన బట్టలే ఇస్తే, కొనేవాళ్ళు తలెత్తుకుని లోపలికి వస్తారు. పాత బట్టల చలామణీలో ఇప్పటిదాకా లోపించినది సరుకు కాదు, ఆ మర్యాదే.